విమానంలో కర్చీఫ్ వేయడం ఎలా

(విజయవాడలో చిన్న పరిశ్రమల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా అండి? వినబడుతోంది, మంచిది. ఇందాక నేను లోపలికి వచ్చేసరికి ముందు రెండు వరసలూ ఖాళీ. తలుపు పక్కన కుర్చీలు మాత్రం ఒక్కటి మిగల్లేదు. ఉపన్యాసం బాగాలేకపోతే చప్పుడు చేయకుండా లేచి వెళ్లిపోవచ్చని అక్కడ కూర్చున్నారు మీరు. (నవ్వులు) తప్పు పట్టడం లేదండి, వీలైనవాళ్లు మాత్రం ముందుకి వచ్చి కూర్చోండి. తర్వాత ఏం చేయాలో ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గ కుర్చీ చూసుకున్నారు. నేను ఇవాళ చెప్పబోయేది కూడా ఇంతే. అయినా ఒక గంట టైమిచ్చారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో 22 ఏళ్లు ట్రావెల్ డెస్క్ చూశాను. మా వాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నా టికెట్టు నా టేబుల్ మీదుగానే వెళ్లేది. ప్రయాణం బాగా జరిగితే నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. జరగకపోతే ఎయిర్‌పోర్టు నుంచే ఫోను. ఆ ఫోన్లలో సగం సీటు గురించే. టికెట్టు ధర గురించి అన్ని ఫోన్లు రాలేదు నాకు.

మనకి సీటు ముందే ఆపుకోవడం కొత్త విద్యేం కాదు. బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీదకి తిరగకముందే కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో విసిరిన చేతులు ఈ గదిలో ఎన్ని లేవు! చిన్నపిల్లాణ్ణి కిటికీలోంచి లోపలికి దూర్చినవాళ్లూ ఉంటారు. ఆ కర్చీఫుకి అప్పట్లో ఒక మర్యాద ఉండేది. అది పడిన సీటులో ఇంకొకడు కూర్చునేవాడు కాదు, కూర్చుంటే గొడవే. విమానాల వాళ్లు చేసిందల్లా ఆ కర్చీఫుకి ధర కట్టడం.

ఆ ధర చిన్నదేం కాదు. అమెరికాలో సెనేట్ ఉపసంఘం ఒకటి 2024 నవంబరులో నివేదిక ఇచ్చింది. అక్కడి ఐదు ఎయిర్‌లైన్స్ 2018 నుంచి 2023 వరకు కేవలం సీటు ఎంచుకున్నందుకు వసూలు చేసింది 1,240 కోట్ల డాలర్లు. టికెట్టు డబ్బు కాదండి, కర్చీఫ్ డబ్బు. డాలస్‌లో పిల్లలున్నవాళ్లకి సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ తెలిసే ఉంటుంది. 1971లో మొదలైన దగ్గర్నుంచీ ఆ విమానాల్లో సీటు నంబరే లేదు. ముందు ఎక్కినవాడిది ముందు సీటు, అచ్చం మన పల్లెవెలుగు బస్సు లాగా. వాళ్లు కూడా 2026 జనవరి నుంచి నంబర్ల సీట్లలోకి వచ్చేశారు. అంత పాత అలవాటునే మార్చుకున్నారంటే ఇందులో ఎంత డబ్బుందో మీకు నేను చెప్పాలా?

మా ఎండీ గారికి మాత్రం ఇది అస్సలు నచ్చేది కాదు. "టికెట్టు కొన్నాక నిలబెట్టి తీసుకెళ్తారా అమ్మా? ఏదో ఒక సీటు ఇస్తారుగా" అనేవారు. నిజమే, ఇస్తారు. 180 సీట్ల ఎయిర్‌బస్ 320లో వరసకి ఆరు చొప్పున 30 వరసలు. అంటే అందులో మిడిల్ సీట్లు 60. ఉచితంగా దొరికేది చాలాసార్లు ఆ అరవైలో ఒకటి, అదీ వెనకవైపు. డబ్బు కట్టినవాళ్లు కిటికీలూ, నడిచే దారి పక్కనుండే ఐల్ సీట్లూ తీసుకున్నాక మిగిలేది అదే మరి.

ఒకసారి ఏమైందో చెబుతాను. ఢిల్లీలో పెద్ద కొనుగోలుదారుతో రేట్ల చర్చ, పదకొండు గంటలకి. మా సేల్స్ ఆయన్ని పొద్దున్నే ఫ్లైట్ ఎక్కించాం. సీటుకి డబ్బు కట్టొద్దన్నారు, కట్టలేదు. 14ఈ వచ్చింది, మిడిల్. చివర్లో ఎక్కాడు, అప్పటికే పైన సామాను అరలన్నీ నిండిపోయాయి. ఆయన పెట్టె తీసుకెళ్లి ఎక్కడో 25వ వరస మీద పెట్టారు. శాంపిళ్లూ కాగితాలూ అన్నీ అందులోనే. దిగేటప్పుడు అందరూ ముందుకి వస్తుంటే ఈయన వెనక్కి వెళ్లాలి. ఆ ఇరుకు దారిలో ఎదురు వెళ్లడం పుష్కరాల రద్దీలో ఘాట్ మెట్లు పైకెక్కడం లాంటిది. వెనకవాళ్లంతా దిగేదాకా నిలబడి, పెట్టె తీసుకుని, టాక్సీ వరసలో నిలబడి, చెమటలు తుడుచుకుంటూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాడు. ఆర్డరు రాలేదు. ఆర్డరు పోయింది సీటు వల్లేనని నేననను, మా రేటే ఎక్కువయి ఉండొచ్చు. కానీ ఆయన తిరిగొచ్చి నా టేబుల్ ముందు కూర్చుని అన్న మాట నాకింకా గుర్తుంది. "మేడం, వెళ్లగానే సారీతో మొదలుపెట్టాను. సారీతో మొదలుపెట్టినవాడు రేటు దగ్గర గట్టిగా ఎలా నిలబడతాడు?"

ఆ రోజు నుంచి నేను టికెట్టు అడిగినవాళ్లని "విండోనా, ఐలా" అని అడగడం మానేశాను. "దిగాక మొదటి గంటలో మీరేం చేయాలి?" అని అడిగేదాన్ని. నేరుగా మీటింగుకా, హోటల్‌కి వెళ్లి పడుకోవాలా, ఇంకో ఫ్లైట్ పట్టుకోవాలా, ప్రయాణంలోనే ఏదైనా తయారు చేయాలా? జవాబు చెబితే సీటు దానంతట అదే తేలిపోతుంది. సీటు మ్యాప్ తెరిచి రంగులు చూస్తూ కూర్చుంటే ఎప్పటికీ తేలదు.

నేరుగా మీటింగుకే వెళ్లాలంటే ముందు వరసలు, ఐల్ సీటు. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, ముందు సీటు లాభం ఏరోబ్రిడ్జి, అంటే విమానం తలుపు నుంచి నేరుగా ఎయిర్‌పోర్టు భవనంలోకి నడిపించే దారి ఉంటేనే. ఏరోబ్రిడ్జికి ముందు తలుపు ఒక్కటే తెరుస్తారు, వెనకవాళ్లు కాచుకోవాల్సిందే. విమానాన్ని దూరంగా నిలబెట్టి నిచ్చెనలు వేస్తే చాలాసార్లు వెనక తలుపు కూడా తెరుస్తారు. ఇండిగో వాళ్లయితే 2022లో ముందువైపు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు ర్యాంపులతో దింపే పద్ధతి మొదలుపెట్టారు. అలాంటప్పుడు 28, 29 వరసల వాళ్లు దర్జాగా ముందువాళ్లతో పాటే దిగుతారు. 14, 15 వరసల్లో ఉన్నవాళ్లు రెండువైపులా వరస కదలడం చూస్తూ నిలబడతారు. తొందర ఉన్నవాళ్లకి నడిమి వరసలంత దండగ సీట్లు లేవు. ఇక అక్కడి నుంచి బస్సు. అందరికంటే ముందు దిగి బస్సెక్కినవాడు ఏం చేస్తాడు? పెద్దమనిషిలా లోపలి చివరికి వెళ్లి నిలబడతాడు. బస్సు నిండేదాకా కదలదు. ఆగాక ఆఖరున దిగేదీ ఆయనే. డబ్బు కట్టి ముందు సీటు కొన్నవాళ్లు బస్సులో కూడా తలుపు దగ్గరే నిలబడండి బాబూ! (నవ్వులు)

ఇంకా తమాషా మన గన్నవరం నుంచి హైదరాబాద్ వెళ్లే చిన్న విమానంలో ఉంది. రెక్కకి ఫ్యాన్లు తిరుగుతుంటాయే, ఏటీఆర్ 72. అటు రెండు ఇటు రెండు సీట్లు, మిడిల్ అనేదే లేదు. రాజమండ్రి, తిరుపతి వెళ్లేవాళ్లకి కూడా ఇది అలవాటే. దీనికి జనం ఎక్కే తలుపు వెనక ఉంటుంది, ముందువైపు సామాన్ల గది. మా కంపెనీకి కొత్తగా వచ్చిన వైస్ ప్రెసిడెంట్ గారు పట్టుబట్టి 2వ వరస అడిగారు, ఇచ్చాను. తర్వాత ఫోన్ చేసి, "ఇదేంటమ్మా, ముందు కూర్చుంటే ఆఖరున దింపారు" అన్నారు. నేను చెప్పబోతే వింటేగా! ఏటీఆర్‌లో వెనక వరసలే రాజుగారి సీట్లు. ముందు దిగుతారు, ఫ్యాను చప్పుడూ తక్కువ. ఆ ఫ్యాన్లు ముందు భాగానికి దగ్గరగా ఉంటాయి, వాటికి సరిగ్గా పక్కన కూర్చుంటే పిండిమరలో కూర్చున్నట్టే. ఇంకొకటి, రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీ దగ్గర కూర్చున్నా కింద నేల కనిపిస్తుంది. రాజమండ్రి దిగేటప్పుడు గోదావరి చూడటానికి ప్రత్యేకంగా వరస వెతుక్కోనక్కర్లేదు. పైన అరలు మాత్రం చిన్నవి, పెద్ద విమానంలో పట్టిన ట్రాలీ ఇందులో పట్టకపోవచ్చు. ల్యాప్‌టాప్, కాగితాలు చేతిసంచీలో విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు ప్రయాణంలో పని చేసుకునేవాళ్ల సంగతి. మీరు ల్యాప్‌టాప్ తెరుస్తారు, ఎక్సెల్ షీటు తెరుస్తారు, ముందాయన సుఖంగా సీటు వెనక్కి వాలుస్తాడు. ల్యాప్‌టాప్ మూత మీ గడ్డానికి తగులుతుంది. ఒకాయనకి తెరే పగిలింది. దీనికి నేను కనిపెట్టిన మందు ఒకటుంది. ఎయిర్‌బస్ 320లో రెక్కల దగ్గర వెంటవెంటనే రెండు ఎగ్జిట్ వరసలు, అంటే ప్రమాదంలో బయటపడే తలుపులున్న వరసలు ఉంటాయి. మొదటి వరస సీట్లు వెనక్కి వాలకుండా బిగించేస్తారు, వాలితే వెనకున్న దారికి అడ్డం కదా. అందుకని రెండో ఎగ్జిట్ వరసలో కూర్చుంటే కాళ్లకి చోటుంటుంది, ముందు సీటు మీ మీద పడదు. విమానంలో ఆఫీసు పని చేయడానికి దాన్ని మించిన టేబుల్ లేదు. పైగా రెక్క దగ్గర ఊపు కూడా తక్కువ. తోక దగ్గర ఊగినంత అక్కడ ఊగదు.

ఎగ్జిట్ వరస ఊరికే రాదు. చిన్నపిల్లలకీ గర్భిణులకీ అక్కడ సీటివ్వరు. చేతిసంచీ కాళ్ల దగ్గర పెట్టనివ్వరు, పైన పెట్టాల్సిందే. అవసరమైతే ఆ తలుపు తెరవాల్సింది మీరే. ఎయిర్‌హోస్టెస్ వచ్చి "సాయం చేయగలరా" అని అడిగినప్పుడు సెల్‌ఫోన్ చూసుకుంటూ తల ఊపకండి. మోకాళ్లు నొప్పులున్నాయి, కాళ్లు చాపుకోవచ్చని కొందరు పెద్దవాళ్లు అదే సీటు అడుగుతారు. కుదరదని మర్యాదగా చెప్పాల్సి వచ్చేది నాకు. ఆ తలుపు బరువు ఎత్తలేని మోకాళ్లకి ఐల్ సీటే మేలు.

మొట్టమొదటి వరస గురించి కూడా ఒక మాట. ముందు గోడే కాబట్టి ఎవరూ మీద పడరు. కానీ బల్లని సీటు చేతుల్లోంచి తీసి పరుచుకోవాలి, అది దాచడానికి సీటు వెడల్పు కొంచెం తగ్గుతుంది. సంచీ పైనే పెట్టాలి. ఒళ్లు కాస్త పుష్టిగా ఉన్నవాళ్లు ఆ సీటుకి ఎక్కువ డబ్బు కట్టి ఇరుకులో కూర్చుంటారు. వెడల్పు అంటే గుర్తొచ్చింది, ఎయిర్‌బస్ 320 లోపలి వెడల్పు 3.7 మీటర్లు, బోయింగ్ 737ది 3.5 మీటర్ల చిల్లర. వరసకి ఆరుగురే కూర్చున్నా సీటుకి దాదాపు ఒక అంగుళం తేడా వస్తుంది. ఒక అంగుళమే కదా అనుకోకండి, మధ్యలో కూర్చున్నవాడి మోచెయ్యిని అడగండి.

ఆ 737లోనే ఇంకో మోసం కూడా ఉంది. రెక్కకి కాస్త ముందు, ఎడమవైపు, ఏసీ గొట్టాలు గోడలోంచి పైకి వెళ్లే చోట కిటికీ ఉండదు. మ్యాపులో అది విండో సీటే. డబ్బు విండో డబ్బే. కూర్చున్నాక పక్కన ప్లాస్టిక్ గోడ! పడుకునేవాళ్లకి ఫర్వాలేదు, తల ఆనించుకోవచ్చు. మబ్బులు చూడాలనుకున్నవాళ్లకి ఏడుపొస్తుంది.

ఎండ సంగతి మన పాత బస్సు లెక్కే. కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు. పొద్దున ఇక్కడి నుంచి ఢిల్లీ వెళ్లే విమానం ఉత్తరం ముఖంగా పోతుంది, ఎండ కుడివైపు పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దక్షిణం ముఖం, పడమటి ఎండ, మళ్లీ కుడివైపే. కాబట్టి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు రెండుసార్లూ ఏ, బీ, సీ ఉన్న ఎడమవైపు తీసుకుంటే తెర మీద ఎండ పడదు. అందులోనూ దారి పక్కనుండే సీ తీసుకుంటే కుడిచెయ్యి దారివైపు ఉంటుంది. రాసుకోవడానికీ మౌస్ తిప్పడానికీ పక్కవాడు అడ్డం రాడు. ఎడమచేతి వాటం వాళ్లకి దారికి అవతల ఉండే డీ. భోజనాల బండి వచ్చేటప్పుడు మాత్రం మోచెయ్యి లోపలికి లాక్కోండి, ఆ బండికి కనికరం ఉండదు.

ఇద్దరు కలిసి వెళ్లేటప్పుడు చాలామంది పక్కపక్కన సీట్లు తీసుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు. ఒకరు మధ్యలో నలగాలి. అదే వరసలో సీ, డీ తీసుకోండి. దారికి అటొకరు ఇటొకరు, ఇద్దరికీ ఐల్ సీటే, మాట్లాడుకోవచ్చు, కాగితం అందించుకోవచ్చు. ఏ, సీ తీసుకుని బీ ఖాళీగా వదిలేస్తే ఎవరూ రారని ఒక లెక్క ఉంది. విమానం సగం ఖాళీగా ఉంటే ఆ లెక్క పనిచేస్తుంది. నిండితే ఆ బీలోకి ఒక పెద్దాయన వస్తాడు, మీ ఇద్దరి మాటలూ ఆయన తల మీదుగానే సాగాలి.

మాటలంటే జ్ఞాపకం వచ్చింది. టెండరు రేట్లు విమానంలో మాట్లాడకండి. ముంబై వెళ్లే పొద్దుటి ఫ్లైట్‌లో సగం మంది మీ లైనువాళ్లే. మా వాళ్లిద్దరు దారికి అటూ ఇటూ కూర్చుని, "కిలోకి ఇంత దాకా దిగొచ్చు, అంతకంటే దిగితే ఎండీ ఒప్పుకోడు" అని మాట్లాడుకున్నారు. దిగేటప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచి నవ్వుతూ నమస్కారం పెట్టాడు. పోటీ కంపెనీ ఆయన! ఆ తర్వాత నుంచి మా కంపెనీలో ఆ నమస్కారం ఒక సామెతైపోయింది.

బాస్‌తో వెళ్లే కుర్రాళ్లు నన్ను రహస్యంగా అడిగేవాళ్లు, "మేడం, సార్ పక్కన వేయకండి" అని. నేను వేసేదాన్ని కాదు. రెండున్నర గంటలు కదలకుండా కూర్చుని అప్రైజల్ చేయించుకోవడం ఎవరికి సరదా? సార్‌కి కూడా కాసేపు నోరు తెరిచి నిద్రపోవాలని ఉంటుంది. (నవ్వులు)

దూరప్రయాణాలకి లెక్కలు వేరు. భీమవరం నుంచి వచ్చిన రొయ్యల ఎక్స్‌పోర్టు వాళ్లు ఇక్కడ ఉన్నారని చెప్పారు. మార్చిలో బోస్టన్‌లో సీఫుడ్ ఎగ్జిబిషన్‌కి వెళ్తారు కదా మీరు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వైపు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. పగలంతా ప్లాంటులో పని చేసి, రాత్రి షంషాబాద్‌కి కారులో వచ్చి, తెల్లవారుజామున ఎక్కుతారు. ఆ మొదటి ముక్కలో మీకు కావలసింది నిద్ర. విండో తీసుకోండి, ఎవరూ మిమ్మల్ని లేపరు. రెండో ముక్క పొడుగు, పన్నెండు పధ్నాలుగు గంటలు. అక్కడ ఐల్ తీసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు మరీ. మాటిమాటికీ లేవాలి, పక్కవాళ్లని లేపాలంటే మొహమాటం. ఆ మొహమాటంతో మంచినీళ్లు తాగడం మానేస్తారు. అది ఒంటికి మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక పరిశోధన ఫలితాలు ప్రకటించింది. నాలుగు గంటలు, ఆ పైన కదలకుండా చేసే ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని అందులో తేలింది. అలా అయ్యేది ఆరు వేల మందిలో ఒకరికే, భయపడనక్కర్లేదు. కానీ లేచి నాలుగడుగులు వేయడానికి వీలున్న సీటు ఉంటే వేస్తాం, లేకపోతే వేయం.

ఐల్ సీట్లలో కూడా రకాలున్నాయి. బోయింగ్ 777లో చాలా కంపెనీలవి మూడు, నాలుగు, మూడుగా సీట్లుంటాయి. పక్కవైపు ఐల్‌లో కూర్చుంటే మీ లోపల ఇద్దరు. ఇద్దరూ మీ మోకాళ్లు దాటే వెళ్లాలి. నడిమి నాలుగింటిలో ఐల్ తీసుకుంటే మీ మీదుగా వెళ్లేది ఒక్కరే, అవతలి ఇద్దరూ అటు నుంచి వెళ్తారు. బోయింగ్ 787లో మూడు, మూడు, మూడు. అక్కడ నడిమి మూడింటిలో ఐల్ అయితే ఆ మధ్య మనిషికి రెండు దారులు, మీవైపు వస్తాడో రాడో కూడా చెప్పలేం. ఎన్నోసార్లు తిట్లు తిన్నాక నేర్చుకున్నదండి ఇది.

మధ్యలో విమానం మారేటప్పుడు గంటా గంటన్నరే వ్యవధి ఉంటే, మొదటి విమానంలో ముందుకి రండి, డబ్బు కట్టైనా సరే. మూడొందల మంది దిగుతుంటే నలభయ్యో వరసవాడు సెక్యూరిటీ వరసలో ఎక్కడ నిలబడతాడో ఊహించుకోండి. బోస్టన్‌లో దిగాక ఇమిగ్రేషన్ దగ్గరా అంతే.

శాకాహారులు భోజనం కూడా సీటుతో పాటే ముందు అడిగి పెట్టుకోండి. ఏషియన్ వెజిటేరియన్ అని ఉంటుంది, అందరికంటే ముందు తెచ్చిస్తారు. కానీ ఆ ట్రే మీ మొహం చూసి రాదు, సీటు నంబరు చూసి వస్తుంది. జాలిపడి ఎవరికో సీటు మార్చి ఇచ్చారనుకోండి, మీ పప్పన్నం ఆ పాత సీటుకి వెళ్తుంది, మీ ముందుకి కోడికూర వస్తుంది. సీటు మారితే ఆ సంగతి ముందే చెప్పండి.

సీటు నంబర్ల గురించి ఒక నమ్మకం బాగా ప్రబలింది, అది కూడా చెప్పాలి. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో ఆ ఘోరం జరిగాక, విమానంలో ఉన్నవాళ్లలో బతికి బయటపడిన ఒకే ఒక్కరు 11ఏలో కూర్చున్నారని తెలిసి, తెలిసినవాళ్లు నాకు ఫోన్ చేసి 11ఏ కావాలన్నారు. వాళ్లని నేను ఎగతాళి చేయలేదు. భయం అలాంటిది. కానీ ఆ బోయింగ్ 787లో 11ఏ ఎకానమీ మొదటి వరస, తలుపు పక్కన. మీరు రేపు ఎక్కబోయే ఎయిర్‌బస్‌లో 11వ వరస వేరే చోట ఉంటుంది. నంబరు ఒకటే, చోటు ఒకటి కాదు. లుఫ్తాన్సా విమానాల్లో 13, 17 వరసలు అసలు ఉండవు. పదమూడంటే యూరప్‌లో చాలామందికి పడదు, పదిహేడంటే ఇటలీ వాళ్లకి పడదు. మనవాళ్లు రాహుకాలం చూసి బయల్దేరరూ, అలాగే. ఐ అనే అక్షరం కూడా సీట్లకి వాడరు. అది మాత్రం నమ్మకం వల్ల కాదు, ఒకటి అంకెలా కనిపిస్తుందని.

ఇక బుకింగ్ దగ్గర జరిగే పొరపాట్లు. మీ ఏజెంటు "విండో పెట్టాను సార్" అంటాడు. ఆయన పెట్టింది చాలాసార్లు ఒక కోరిక మాత్రమే. నంబరు వచ్చిందా లేదా అన్నది ఎయిర్‌లైన్ సైటులో పీఎన్ఆర్ కొట్టి మీ కళ్లతో చూసుకోండి. టికెట్టు ఒక కంపెనీ పేరు మీద కొని, విమానం ఇంకో కంపెనీది అయినప్పుడు ఆ రెండో కంపెనీకి వేరే పీఎన్ఆర్ ఉంటుంది. అది ఏజెంటుని అడిగి తీసుకుంటే తప్ప సీటు మ్యాప్ తెరుచుకోదు. నెల ముందు కొన్న సీటుని ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ చూడండి. మధ్యలో విమానం మార్చి ఉంటే మీరు కొన్న ఎగ్జిట్ వరస మామూలు వరసైపోయి ఉండొచ్చు. డబ్బు కట్టిన రసీదు ఉంచుకుని వాపసు అడగండి, మొహమాటపడకండి.

డబ్బు కట్టనివాళ్లకి దారి వెబ్ చెక్-ఇన్, అంటే ఎయిర్‌పోర్టుకి వెళ్లకముందే ఎయిర్‌లైన్ సైటులో బోర్డింగ్ పాస్ తీసుకోవడం. మన దేశంలో లోపలి ప్రయాణాలకి చాలా ఎయిర్‌లైన్స్ 48 గంటల ముందు తెరుస్తాయి. తెరిచిన గంటలో చూసినవాడికీ ఎయిర్‌పోర్టు దారిలో కారులో చూసినవాడికీ చాలా తేడా. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి. 12 ఏళ్ల లోపు పిల్లలకి అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే సీటివ్వాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ఎయిర్‌లైన్స్‌కి చెప్పింది. అది తెలియక పక్కవాళ్లని బతిమాలుకునే తల్లులు ఇంకా కనిపిస్తుంటారు.

మీ కంపెనీల్లో టూరు బిల్లులు పాస్ చేసేది మీరే కాబట్టి ఇది మీకే చెప్పాలి. టికెట్టు బిల్లు కళ్లు మూసుకుని సంతకం పెడతారు, "సీటు ఛార్జీ" అని విడిగా కనిపిస్తే ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు. మావాళ్లకీ అలాగే కొట్టేసేవారు. నేను చివరికి చేసిన పని, కంపెనీలకి విడిగా ఇచ్చే కార్పొరేట్ ఫేర్ అడగడం. టికెట్టు ధర కాస్త ఎక్కువ కనిపిస్తుంది, కానీ సీటూ భోజనమూ చాలాసార్లు అందులోనే కలిసి ఉంటాయి, తేదీ మార్చుకుంటే కోత తక్కువ. చిన్న కంపెనీలకి కూడా ఇస్తారు, జీఎస్టీ నంబరు ఉంటే చాలు. అకౌంట్స్ ఆయనకి ఒకటే లైను కనిపిస్తుంది, ఎర్ర ఇంకు మిగులుతుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మేడం, నాది ఆటోనగర్. హైదరాబాద్ వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తుంటాను. నేను కూడా సీటుకి డబ్బు కట్టాలా?)

వద్దండి. గంట ప్రయాణం, మిడిల్ సీటు లేని విమానం. వెబ్ చెక్-ఇన్‌లో వెనక వరస ఏదొస్తే అది తీసుకోండి. ఆ డబ్బుతో షంషాబాద్‌లో దిగాక టిఫిన్ చేయండి. అక్కడి ధరలకి పూర్తిగా సరిపోకపోవచ్చు.

(ప్రశ్న: నాకు విమానమంటే టెన్షన్ అండి. టేకాఫ్ అప్పుడు చేతులు చల్లబడతాయి. ఏ సీటు మంచిది?)

రెక్క దగ్గర, ఐల్ వైపు. ఊపు తక్కువ, కిందకి చూడాల్సిన పని లేదు. మా కంపెనీలో ఒక పెద్ద సైంటిస్టుకి ఇదే టెన్షన్. ఎవరికీ చెప్పేవారు కాదు. ఇరవై ఏళ్లు ఆయనకి అదే సీటు వేశాను, ఎందుకని నేనూ ఎప్పుడూ అడగలేదు. మీరు గదినిండా జనంలో లేచి అడిగారు, సగం టెన్షన్ అక్కడే పోయుంటుంది.

(ప్రశ్న: డబ్బు కట్టి విండో తీసుకున్నాక ఎవరైనా వచ్చి మారమంటే మారాలా?)

మారాల్సిన పని లేదు. ముసలివాళ్లో, పిల్లతల్లో అడిగితే మీ ఇష్టం. అదే రకం సీటుకైతే మారండి. "ఫ్రెండ్స్ కలిసి కూర్చుంటాం సార్, మీరు వెనక మిడిల్‌లోకి వెళ్లండి" అని అడిగే కుర్రాళ్లుంటారు. వాళ్లకి నవ్వుతూ వద్దని చెప్పండి. కర్చీఫ్ మీది.

నిర్వాహకులు చెయ్యి ఊపుతున్నారు. టీ వచ్చిందట, తలుపు దగ్గరే పెట్టారట. నా మాట గౌరవించి లేచి వచ్చి ముందు వరసలో కూర్చున్నవాళ్లు నన్ను క్షమించాలి, ఇవాళ మీకే ఆఖరున అందుతుంది. (నవ్వులు, చప్పట్లు)